ఎర్ర సిరా ఎవరి పక్షం?

పేపర్లు దిద్దడం సాహిత్య విమర్శకు సంబంధం లేని బడి పని అనుకునే అలవాటు మనలో ఉంది. కాని రాసే ప్రతివాడి రాత మీదా మొదటి తీర్పు చెప్పేది తెలుగు పంతులే. ఆ తీర్పుతో కలం వదిలేసినవాళ్లు ఎందరో.

పద్యానికి భావం రాస్తూ ఒక పిల్ల 'వచ్చిండు' అంటుంది, మరో పిల్ల 'వచ్చాడు' అంటుంది. ఇద్దరికీ పద్యం సమానంగానే అర్థమై ఉండవచ్చు. భావానికి వేయవలసిన మార్కును క్రియాపదం దగ్గర కోసేస్తే మనం కొలిచింది ఆ పిల్ల పుట్టిన ఊరినే. ప్రామాణికంగా చలామణి అవుతున్నది ప్రధానంగా కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల విద్యావంతుల వాడుక అని మనందరికీ తెలుసు.

ఈ తగాదా పాతదే. 1910ల తొలి సంవత్సరాల్లో గిడుగు, గురజాడలు పండితులతో తలపడింది విద్యార్థి ఏ తెలుగులో వ్యాసం రాయాలన్న ప్రశ్న మీదనే. 1914లో గురజాడ మద్రాసు విశ్వవిద్యాలయానికి అసమ్మతి పత్రం సమర్పించాడు. చివరికి గ్రాంథికం ఓడింది గాని, దాని కుర్చీలో శిష్టవ్యావహారికం కూర్చుంది.

పేదపిల్లలు కదా, చూసీచూడనట్టు నాలుగు మార్కులు ఎక్కువ వేద్దామనే అభ్యుదయవాదులున్నారు. నేను అంగీకరించను. ఇంటి మాట తప్పు కాదు. వాచక భాష నేర్చుకునే హక్కు కూడా ఆ పిల్లకుంది. దయ మార్కు ఆ హక్కును కప్పిపెడుతుంది. రేపు ఉద్యోగ పరీక్షలో ఆ లోటు బయటపడినప్పుడు పంతులు పక్కన ఉండడు.

అందుకే బోధన ఒక్కొక్కరికి ఒక్కో తీరుగా ఉండాలి. ఒకరికి పద్యం పాడి వినిపించాలి. ఒకరిచేత ఇంటి మాటలో చెప్పించి, దాన్ని వాచక భాషలోకి మార్చడం పక్కన కూర్చోబెట్టి నేర్పాలి. చేరవలసిన చోటు మాత్రం అందరికీ ఒకటే. తరగతి పరీక్షల్లో నేను భావానికి వేరుగా, భాషకు వేరుగా మార్కులు వేస్తాను. పదింటిలో భావానికి ఏడైతే, ఇంటి మాటలో రాసినా ఆ ఏడూ దక్కుతాయి. భాషకు మూడింటిలో ఒకటే వస్తే ఎందుకో చెప్తాను. 2009 విద్యాహక్కు చట్టం కోరిన నిరంతర సమగ్ర మూల్యాంకనానికి నాకు తెలిసిన అర్థం ఇదే. నేను చూసినంతలో అది రికార్డులు నింపే పనిగా మిగిలింది.

ఈ రెండు దోషాలూ మన విమర్శలో ఉన్నాయి. 'ఆరు సారా కథలు'లో రావిశాస్త్రి పట్టుకున్న విశాఖ పేదల మాటను, 'పచ్చనాకు సాక్షిగా'లో నామిని రాసిన చిత్తూరు మాటను మెచ్చుకుంటాం. తొమ్మిదో తరగతి జవాబులో అలాంటి మాట కనబడితే ఎర్ర సిరాతో సున్నా చుడతాం. ఇటు దళిత రచయిత తొలి పుస్తకం వస్తే, నిర్మాణం గురించి ఒక్క ముక్క అనకుండా 'మట్టివాసన' అని భుజం తట్టి పంపిస్తాం. అదీ దయ మార్కే. లోపం ఎత్తిచూపేంత గౌరవం కూడా ఆ రచనకు ఇవ్వలేదన్నమాట.

ఆగస్టు 29న గిడుగు పేర, సెప్టెంబరు 9న కాళోజీ పేర భాషా దినోత్సవాలు జరుపుకుంటున్నాం. ఆ వేదికల మీద మాట్లాడేవాళ్లలో చాలామందిమి పంతుళ్లమే. అక్కడ చెప్పిన మాట స్పాట్ వాల్యుయేషన్ బల్ల దగ్గర నిలబడుతుందా అన్నదే అసలు పరీక్ష.