ఆరు వరుసలూ, వాటి వివరణా

కమాండ్ లైన్ స్క్రిప్టులను, అంటే కీబోర్డు మీద టైపు చేసి నడిపే ఆదేశాలను పదేపదే వాడుకోవడానికి వీలుగా రాసిపెట్టుకున్న చిన్న ఫైళ్లను, అర్థం చూసుకోకుండానే ఒకరి నుంచి ఒకరు కాపీ చేసుకుని సర్వర్ మీద నడిపే అలవాటు ఈ వారం మళ్లీ ఎదురై ఈ శీర్షికకు చిరాకు తెప్పించింది. అయినా స్క్రిప్టు ఎంత పొట్టిదైతే అంత మేలన్న పాత పట్టుదల ఆ చిరాకుతో సడలలేదు.

ఆ పట్టుదలకు ఆధారం 1986 నాటిది. ‘కమ్యూనికేషన్స్ ఆఫ్ ది ఏసీఎం’ పత్రికలో ‘ప్రోగ్రామింగ్ పెర్ల్స్’ శీర్షిక నిర్వహించిన జాన్ బెంట్లీ, ఒక ఫైలులో అన్నిటికంటే ఎక్కువసార్లు వచ్చిన మాటలను లెక్కతో సహా చూపే ప్రోగ్రామును డొనాల్డ్ కనూత్ చేత రాయించి, సమీక్షను డగ్ మెకిల్రాయ్‌కి అప్పగించారు. కనూత్ పేజీలకొద్దీ వివరణతో కూర్చిన ప్రోగ్రాము ఇవ్వగా, మెకిల్రాయ్ దాని పనితనాన్ని మెచ్చుకుంటూనే అదే పనిని ఆరు యూనిక్స్ ఆదేశాలతో ముగించారు. ఒక ఆదేశపు ఫలితాన్ని నేరుగా తర్వాతి ఆదేశానికి అందించే ‘పైప్’ ఆలోచనా ఆయనదే. 1973లో కెన్ థాంప్సన్ దాన్ని యూనిక్స్‌లో అమర్చారు.

ఆ ఆరింటిలో మొదటి ‘టీఆర్’ వరుసకొక మాట చొప్పున విడదీస్తుంది, రెండో ‘టీఆర్’ పెద్దబడి అక్షరాలను చిన్నబడికి మారుస్తుంది, ‘సార్ట్’ అక్షరక్రమంలో పేరుస్తుంది, ‘యూనిక్’ ఒకేలా ఉన్న వరుసలను లెక్కిస్తుంది, మరో ‘సార్ట్’ పెద్ద లెక్కలను పైకి తెస్తుంది, ‘సెడ్’ కోరినన్ని వరుసలు చూపి ఆపేస్తుంది. ‘యూనిక్’ పక్కపక్కనే ఉన్న వరుసలనే పోలుస్తుంది కాబట్టి, దానికి ముందున్న ‘సార్ట్’ అనవసరమనుకుని ఎవరైనా తీసేస్తే లెక్క తప్పుతుంది గానీ హెచ్చరికేదీ రాదు. మొదటి ఆదేశం ఇంగ్లీషు లిపిని మాత్రమే అక్షరాలుగా ఎంచుతుంది కనుక, పూర్తిగా తెలుగులో ఉన్న ఫైలు ఇస్తే మాటలన్నీ చెరిగిపోయి ఒక ఖాళీ వరుసా, దాని పక్కన 1 అన్న అంకే మిగులుతాయి. అప్పుడూ హెచ్చరిక ఉండదు.

స్క్రిప్టు పొట్టిదయ్యేకొద్దీ దానిలో చెప్పకుండా మిగిలిపోయే షరతులు పెరుగుతాయి. మెకిల్రాయ్ సైతం తన ఆరు వరుసలను అలా వదిలెయ్యక, ఏ ఆదేశం ఏం చేస్తుందో వెంటనే విడివిడిగా వివరించారు. ప్రోగ్రామును ముందుగా మనుషులు చదవడానికి రాయాలని 1984 నుంచీ కనూత్ వాదిస్తూ వచ్చిన సంగతి, ఆయన ఓడిపోయారని లోకం చెప్పుకునే ఈ పోటీలోనే రుజువైంది. షెల్ స్క్రిప్టులో హ్యాష్ గుర్తుతో మొదలయ్యే వరుసను సాధారణంగా కంప్యూటర్ నడపదు, అది చదివేవారి కోసమే ఉంది. ఏ ఫైలుకు పనికొస్తుందో, దేనికి పనికిరాదో ఆ వరుసలో, తెలుగులోనైనా సరే, రాయని స్క్రిప్టును ఎంత పొట్టిదైనా ఇంకొకరి చేతికి ఇవ్వకూడదు.