ఆకాశపు నీలిమ: అల్‌కిందీ రిసాలాపై ఒక పరిశీలన

ఆకాశం నీలంగా ఎందుకు కనిపిస్తుంది? హిజ్రీ 3వ శతాబ్దంలో బాగ్దాద్ తత్త్వవేత్త యాఖూబ్ అల్‌కిందీ ఈ ప్రశ్నపై ఒక చిన్న రిసాలా వ్రాశారు. ఒట్టో స్పీస్ దానిని 1937లో రాయల్ ఏషియాటిక్ సొసైటీ బొంబాయి శాఖ పత్రికలో ప్రకటించారు. ఆకాశపు రంగని జనులు తలచే లాజవర్దీ వర్ణానికి కారణం వివరించడమే దాని ఉద్దేశమని పేరే తెలుపుతుంది. అనగా, ఆ రంగు ఆకాశానిది కాదు, అలా తోస్తుందంతే.

అల్‌కిందీ వాదం ఇది. భూమి చుట్టూ ఉన్న గాలిలో ధూళి, ఆవిరి కణాలు కలిసి ఉంటాయి. అవి వెలుగును అందుకొని ప్రకాశిస్తాయి. ఆ వెలుగు పైనున్న చీకటితో కలిసి, రెంటికీ నడిమిదైన నీలవర్ణంగా కంటికి కనిపిస్తుంది.

ఇందులో సగం నిలిచింది, సగం నిలువలేదు. కారణాన్ని పైలోకాలలో గాక, మన కంటికీ ఆకాశానికీ నడుమనున్న గాలిలో వెదకడం ఆయన గొప్పతనం. కాని వెలుగు చీకట్ల కలయికే రంగు అన్నది గ్రీకుల నుండి వచ్చిన భావన. తెల్లని వెలుగులోనే రంగులన్నీ ఉన్నాయని న్యూటన్ 1672లో ప్రకటించేవరకు ఆ భావన బలంగానే ఉండినది. ధూళి విషయమూ అంతే. నీలిమకు ధూళే కారణమైతే, దుమ్ము రేగిన రోజున ఆకాశం మరింత నీలం కావాలి. కాని అది తెల్లబారుతుంది. వాన వెలిసిన తర్వాతనే నిగనిగలాడుతుంది.

గాలి అణువులే వెలుగును చెదరగొట్టి ఈ నీలిమను కలిగించగలవని రేలీ 1899లో చూపారు. తరంగదైర్ఘ్యం తగ్గినకొద్దీ చెదరడం దాని నాలుగవ ఘాతం చొప్పున పెరుగుతుంది. ఎరుపుకంటే నీలం దాదాపు ఆరు రెట్లు చెదరుతుంది. ఊదా మరింత చెదరినా, సూర్యకాంతిలో దాని పాలు తక్కువ, కన్ను దానిని గ్రహించడమూ తక్కువే.

కనుక "రేలీ చెప్పినది అల్‌కిందీ వెయ్యేళ్ళ ముందే చెప్పారు" అనడం పొరపాటు. అటువంటి పొగడ్త పూర్వుల కీర్తిని పెంచదు. వారి గ్రంథాలను చదవకుండానే మెచ్చుకునే అలవాటును మాత్రం పెంచుతుంది. ఇక "అంతా గ్రీకుల అనుకరణే" అని తీసివేసేవారూ ఆ రిసాలాను చదవనివారే.

సత్యం ఏ జాతి నుండి వచ్చినా స్వీకరించడానికి సిగ్గుపడరాదని అల్‌కిందీయే తన తత్త్వగ్రంథంలో బోధించారు. పూర్వుల మాటను పరీక్షించనిదే అంగీకరించరాదని ఇబ్నుల్ హైసమ్ టాలెమీని విమర్శిస్తూ హెచ్చరించారు. ఈ రెండు కొలతలతో తూచినప్పుడే రిసాలాకు న్యాయం జరుగుతుంది. ఆయన జవాబు పాతబడింది. ప్రశ్నను అడిగిన తీరు పాతబడలేదు.