కార్డు వెనకవైపు భద్రాచలం

పాత ఫొటో చేతికి రాగానే అందరి చూపూ ముందు మొహాల మీదికే పోతుంది. ఊరి చరిత్ర వెతికేవాళ్లు మాత్రం ముందు దాన్ని తిరగేసి చూడాలి. భద్రాచలం విషయంలో ఇది మరీ అవసరం. ఈ ఊరు ఉన్నచోటే ఉండి జిల్లాలు మారుతూ వచ్చింది. 1874లో సెంట్రల్ ప్రావిన్సెస్ నుంచి మద్రాసు ప్రెసిడెన్సీ గోదావరి జిల్లాలోకి, తర్వాత తూర్పు గోదావరిలోకి, 1959లో ఖమ్మంలోకి, 2016లో భద్రాద్రి కొత్తగూడెంలోకి చేరింది. కాబట్టి చేతిలో ఉన్నది పోస్టుకార్డు అయితే చిరునామాలో జిల్లా పేరు చూస్తేనే దాని వయసు సగం తెలిసిపోతుంది. అయితే జిల్లా మారినా పాత పేరే రాసే అలవాటు జనానికి చాన్నాళ్లు పోదు. అందుకే చేతిరాత కన్నా తపాలా ముద్రనే ఎక్కువ నమ్మాలి. ముద్ర అలుక్కుపోయి ఉంటే కార్డు మీద అచ్చయిన ధర చూడాలి. ధర నయా పైసల్లో ఉంటే ఆ కార్డు 1957 ఏప్రిల్‌కు ముందుది కాదు. చిరునామాలో 507111 అనే పిన్‌కోడు ఉంటే 1972 ఆగస్టుకు ముందుది కాదు. పాత కార్డులు ఇంట్లో మిగిలిపోయి ఆలస్యంగా పోస్టవుతుంటాయి. అందువల్ల ఈ గుర్తులు ఎప్పటికి ముందుది కాదో చెబుతాయి గానీ కచ్చితంగా ఎప్పటిదో చెప్పవు.

ఇంకొంచెం వెనక్కి వెళితే గోదావరే సరిహద్దు. ఇవతల భద్రాచలం బ్రిటిష్ ఇండియాలో ఉంటే అవతల బూర్గంపాడు నిజాం రాజ్యంలో ఉండేది. హైదరాబాద్ సంస్థానానికి సొంత స్టాంపులు, సొంత నాణేలు ఉండేవి. ఒడ్డు మారితే ప్రభుత్వం మారేది, కవరు మీద స్టాంపు కూడా మారేది. మన్యం చరిత్ర రాసేవాళ్లు శాసనాలు, ఫర్మానాలు వెతికినంత శ్రద్ధగా ఈ కవర్లను వెతకరు. అది పెద్ద లోటు అని నా అభిప్రాయం.

సముద్రపు ఊళ్లకు ఈ విషయంలో అదృష్టం కలిసొచ్చింది. వాల్తేరు తీరం, డాల్ఫిన్స్ నోస్ కొండ, మద్రాసు బీచి బొమ్మల కార్డులుగా అచ్చయ్యాయి. మద్రాసులో హిగ్గిన్‌బాథమ్స్, వీల్ అండ్ క్లైన్ లాంటి సంస్థలు అలాంటి కార్డులు వేశాయి. దొరలు వాటిని సముద్రాల అవతలికి పంపారు, అక్కడ ఆల్బముల్లో అవి భద్రంగా ఉండిపోయాయి. భద్రాచలానికి ఆ స్థాయి కార్డుల వ్యాపారం లేదు. ఇక్కడికొచ్చిన యాత్రికుడు ఇంటికి తీసుకెళ్లింది రాములవారి పటం, తలంబ్రాలు. చేతిలో నాలుగు డబ్బులుంటే ఒక గ్రూపు ఫొటో కూడా. కాబట్టి ఈ ఊరి చిత్ర చరిత్ర ఏ ఒక్క చోటా లేదు, వేల ఇళ్ల గోడల మీద, ట్రంకుపెట్టెల అడుగున చెల్లాచెదురుగా ఉంది.

అలాంటి యాత్ర ఫొటో ఒకటి నా ముందుంది. నదీతీరాన నిలబడ్డ ఒక కుటుంబం, వెనక లాంచి. అందరూ బిగుసుకుపోయి కెమెరా వైపే చూస్తున్నారు. భూతద్దం పెట్టి చూస్తే లాంచి వెనక నీళ్లలో స్తంభాలు లేచి ఉన్నాయి, వాటి మీద దారి మాత్రం ఇంకా పడలేదు. గోదావరి వంతెన 1965లో రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ చేతుల మీదుగా ప్రారంభమైంది. అంటే వీళ్లు దానికి కొద్దికాలం ముందు, ఇంకా లాంచీలే దిక్కుగా ఉన్న రోజుల్లో, వచ్చినవాళ్లు. వంతెన అసలే కనిపించకపోతే మాత్రం తొందరపడి తేల్చకూడదు, కెమెరా మరోవైపు తిరిగి ఉండొచ్చు. ఒడ్డున కరకట్ట కనిపిస్తే అది 1986 వరద తర్వాతి ఫొటో. ఆ ఏడాది ఆగస్టులో గోదావరి ఇక్కడ 75.6 అడుగులకు చేరింది. మొదటి ప్రమాద హెచ్చరిక జారీ చేసేది 43 అడుగులకే.

స్టూడియో ఫొటోలది వేరే దారి. నెగెటివ్ మీద సన్నటి పెన్సిల్‌తో టచింగ్ చేసేవారు. నెగెటివ్‌లో పెన్సిల్ పడిన మేర ప్రింటులో తెల్లబడుతుంది. మశూచి మచ్చలు, కళ్లకింది నలుపు, ముడతలు అన్నీ అలా మాయమయ్యేవి. చేయి తిరిగిన మనిషి చేసిన టచింగ్‌ను పట్టుకోవడం కష్టం. కాబట్టి స్టూడియో మొహాన్ని చూసి ఆరోగ్యాన్నీ వయసునూ అంచనా వేయొద్దు. టచింగ్ చేయని చోట్లే, అంటే చేతులు, పాదాలు, చీర అంచు చూడాలి. మనిషి చేసే పని అక్కడ తెలుస్తుంది.

ఇక అడవి వైపు. 1941లో మానవశాస్త్రవేత్త క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్-హైమెన్‌డార్ఫ్ గోదావరి కొండల్లోని కొండరెడ్ల మధ్య పనిచేసి, 1945లో ‘ది రెడ్డీస్ ఆఫ్ ది బైసన్ హిల్స్’ ప్రచురించాడు. పోడు, వెదురు ఇళ్లు, కలప వ్యాపారుల అప్పుల్లో చిక్కుకున్న బతుకులు అందులో ఉన్నాయి. ఆయన తీసిన ఫొటోలు లండన్‌లోని సోయాస్ సంస్థలో భద్రంగా ఉన్నాయి, చాలావాటిని ఇంటర్నెట్‌లోనూ చూడొచ్చు. వాటి విలువ కొలవలేం. అయినా ఒక తేడా నన్ను కుదురుగా ఉండనివ్వదు. లాంచి ముందు నిలబడ్డ కుటుంబం డబ్బిచ్చి ఫొటో తీయించుకుంది, వెనక పేర్లు రాసుకుంది. కొండరెడ్డి మనిషి ఇంకొకరి పుస్తకం కోసం నిలబడ్డాడు. ఆ కాలపు ఇలాంటి ఫొటోల కింద తరచూ తెగ పేరుంటుంది గానీ మనిషి పేరుండదు.

ఆ పేర్లు రాబట్టడానికి ఎక్కువ వ్యవధి లేదు. 1941లో చంకలో ఉన్న బిడ్డకు ఇప్పుడు ఎనభై దాటాయి. పోలవరం ప్రాజెక్టు ముంపు పేరుతో 2014లో కుక్కునూరు, వేలేరుపాడు, కూనవరం, చింతూరు, వి.ఆర్.పురం మండలాలతో పాటు భద్రాచలం పట్టణం మినహా ఆ మండలమంతా ఆంధ్రప్రదేశ్‌లో కలిసింది. నది ఒడ్డు ఊళ్లు పునరావాస కాలనీలకు కదులుతున్నాయి. ఊరంతా ఒక్కచోట ఉన్నప్పుడు ఫొటో చూపిస్తే పదిమందీ పోగై ఒకరి మాట ఒకరు సరిదిద్దుతారు. చెదిరిపోయాక ఎవరికి గుర్తున్నది వాళ్లదే.

పని పెద్ద కష్టమేమీ కాదు. భద్రాచలంలోని సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ)లో గిరిజన మ్యూజియం ఉంది, కాలనీల్లో బడులున్నాయి. లండన్ ఫొటోల కాపీలు పెద్ద సైజులో అక్కడికి చేరాలి. ఇళ్లలో ఉన్నవాటినీ కాపీ తీయాలి. వరదలో తడిసి అద్దానికి అతుక్కున్న ఫొటోను పీకొద్దు, పొర అద్దంతో పాటు ఊడివస్తుంది. అద్దం మీదుగానే ఫొటో తీయాలి. వెనక రాసేటప్పుడు మెత్తని పెన్సిల్ వాడాలి, బాల్‌పెన్ను ఒత్తిడి ముందువైపు గాడి పెడుతుంది. మనిషి పేరు, ఇంటిపేరు, ఊరు రాసి, ఆ పేరు చెప్పిందెవరో, ఏ రోజు చెప్పారో కూడా కిందే రాయాలి.