యంత్రం ఉంది, వస్తువేది?

అమెరికా గ్రంథాలయాల్లో, మ్యూజియంలలో పదిహేనేళ్ళుగా ‘మేకర్‌స్పేస్’ అనే గదులు వెలుస్తున్నాయి. వచ్చినవాళ్ళు చదివో చూసో పోకుండా, అక్కడి పనిముట్లతో స్వయంగా ఏదైనా తయారుచేయాలని ఉద్దేశం. సాహిత్య పత్రికలో ఈ ప్రస్తావన ఎందుకంటారా? వస్తు రూపాల గురించి మనం ఏళ్ళ తరబడి చేస్తున్న వాదమే అక్కడా నడుస్తోంది గనుక.

అప్పట్లో స్టాన్‌ఫర్డ్‌లో ఉన్న ఆచార్యుడు పావులో బ్లిక్‌స్టైన్, పిల్లలకు లేజరుతో కోసే యంత్రం పరిచయం చేయడానికి కీచైన్లు చేయించాడు. పిల్లలు మళ్ళీ మళ్ళీ అవే చేయసాగారు. శ్రమ స్వల్పం, మెప్పు అపారం. కష్టమైన పని జోలికి పోవడమెందుకు? 2013లో ఆయన రాసిన వ్యాసం దీన్ని ఒక జాడ్యంగానే గుర్తించింది. (మన కవితా సంకలనాలకు ఈ జాడ్యం సోకలేదని ఎవరైనా గుండెమీద చేయివేసి చెప్పగలరా?)

దీనికి విరుగుడు అంతకు చాలా ముందే ఉంది. అణుబాంబు ఓపెన్‌హైమర్ తమ్ముడు ఫ్రాంక్, ఒకప్పుడు కమ్యూనిస్టు పార్టీ సభ్యుడినని 1949లో ఒప్పుకున్నందుకు మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఉద్యోగం పోగొట్టుకున్నాడు. కొలరాడోలో పశువులు పెంచుకుని బతికాడు. తర్వాత అక్కడి హైస్కూల్లో సైన్సు చెబుతూ, పిల్లలను ఊరి చెత్తకుప్పకు తీసుకువెళ్ళి పాత యంత్రాల ముక్కలతో వేడినీ విద్యుత్తునీ బోధించాడు. కొలరాడో విశ్వవిద్యాలయంలో ‘ప్రయోగాల గ్రంథాలయం’ నిర్మించాడు. 1969లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఎక్స్‌ప్లొరటోరియం తెరిచినప్పుడు, ప్రదర్శన వస్తువులు తయారయ్యే కార్ఖానాను గోడ వెనక దాచలేదు. సందర్శకుల కళ్ళెదుటే పెట్టాడు. శ్రమను దాచని మ్యూజియం అది.

నేటికీ అక్కడి టింకరింగ్ స్టూడియోలో చిల్లుల పలకమీద గొట్టాలు, చెక్కలు అమర్చి గోలీని వీలైనంత నెమ్మదిగా కిందికి దించమంటారు. గోలీ మధ్యలో పడిపోతుంది. ఎందుకు పడిందో పిల్ల తనే తేల్చుకోవాలి. కార్యక్రమ రచన అంటే ఇదీ: ముందు సమస్య, ఆ తర్వాతే పనిముట్టు.

అయితే ఈ ఉద్యమం మచ్చలేనిదని నేననను. 2013లోనే లియా బ్యూక్లీ ‘మేక్’ పత్రిక ముఖచిత్రాలను లెక్కపెట్టింది: కనిపించినవాళ్ళలో 85 శాతం పురుషులూ మగపిల్లలూ. నల్లవారు ఒక్కరూ లేరు. బట్టలో కుట్టుకోగల విద్యుత్ పరికరాన్ని రూపొందించిన మనిషి ఆవిడ. సూదిపని కూడా నిర్మాణమేనని చేసి చూపింది.

మన జిల్లా గ్రంథాలయంలో ఇలాంటి గది తెరిస్తే, త్రీడీ ప్రింటరు కొనకముందు, కుట్టుపని తెలిసిన ఆవిడకూ రేడియోలు బాగుచేసే ఆయనకూ సాయంత్రాలు వచ్చి నేర్పినందుకు జీతం కేటాయించాలని కోరతాను.