పోలికకు లొంగని అనువాదకులు

స్పానిష్ కోర్టు కాగితాలను ఇంగ్లీషులోకి మార్చేవాళ్లంటే నాకు ఎంతో గౌరవం. రెండు భాషల న్యాయ పదాలకూ లాటిన్ చుట్టరికం ఉంది కాబట్టి చాలా మాటలు ఒకేలా వినిపిస్తాయి. ప్రమాదమంతా అక్కడే. ‘సెంతెన్సియా’ కనబడగానే చెయ్యి ‘సెంటెన్స్’ అని రాసేయబోతుంది. ఇంగ్లీషు కోర్టులో అది దోషికి వేసే శిక్ష. స్పానిష్‌లో అది తీర్పు. ఆస్తి తగాదా తేల్చినా, ముద్దాయిని నిర్దోషిగా వదిలేసినా సెంతెన్సియానే. ‘ఇన్‌హూరియా’ అంటే ఇంగ్లీషు ‘ఇంజురీ’లా ఒంటికి తగిలిన గాయం కాదు, పరువుకు తగిలింది.

‘నోతారియో’ దగ్గర మంచి అనువాదకుడి విలువ మరీ తెలుస్తుంది. స్పెయిన్‌లో ఆయన న్యాయశాస్త్రం చదివి, కఠినమైన పోటీ పరీక్ష నెగ్గి, ఇళ్ల అమ్మకం దస్తావేజులు, వీలునామాలు తయారుచేసే అధికారి. అమెరికాలో నోటరీ పబ్లిక్ ముఖ్యంగా సంతకం పెట్టే మనిషి ఎవరో చూసి ముద్ర వేస్తాడు. చాలా రాష్ట్రాల్లో లాయరు కానక్కర్లేదు. ఈ పోలికను అడ్డుపెట్టుకుని అక్కడ కొందరు లాటిన్ అమెరికా వలసదారుల ముందు న్యాయ నిపుణుల్లా నటించారు. డబ్బు గుంజారు, వీసా దరఖాస్తులు పాడుచేశారు. అందుకే కాలిఫోర్నియా, టెక్సస్ చట్టాలు నోటరీలు తమ ప్రకటనల్లో ఆ స్పానిష్ బిరుదు పెట్టుకోకుండా నిషేధించాయి.

సరిపోయే ఇంగ్లీషు మాట లేనిచోట వాళ్లు చేసే పని నాకు మరీ ఇష్టం. స్పానిష్ పదాన్ని అలాగే ఉంచి, పక్కనే ఒక్క ముక్కలో వివరిస్తారు. స్పెయిన్‌లో ‘ప్రొకురదోర్’ అంటే ప్రాసిక్యూటర్ కాదు, కక్షిదారు తరఫున కోర్టులో కాగితాలు దాఖలుచేసే ప్రతినిధి. వాదించే అడ్వకేటు వేరే ఉంటాడు.