మీద పడి మాట్లాడే అక్షరం

మా పక్కింటి కుర్రాడు మొన్న కొత్త టీ షర్టు వేసుకుని మా ఇంటికొచ్చాడు. గుండెల మీద ఎర్రటి పట్టీ, అందులో పక్కకి వాలిన లావుపాటి తెల్ల అక్షరాలు, ‘సుప్రీమ్’ అని. ఎంతరా అంటే, ‘‘అసలుదైతే వేలల్లో ఉంటుందాంటీ, ఇది కోఠీలో రెండొందల యాభై’’ అన్నాడు. ఆ అక్షరాల పోకడ ఎవరిదో తెలుసా అన్నాను. కంపెనీ వాళ్లదేగా అన్నాడు.

కాదు మరి. ఆ సంగతి చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

ఆ టైపు పేరు ఫ్యూచురా. పాల్ రెన్నర్ అనే జర్మన్ రూపొందించగా ఫ్రాంక్‌ఫర్టులోని బావర్ ఫౌండ్రీ 1927లో విడుదల చేసింది. ఇంగ్లీషు అక్షరాల కాళ్లకి చిన్న చిన్న పాదాలుంటాయి చూడండి, సెరిఫ్‌లంటారు. అవి లేని టైపన్న మాట. వృత్తాలూ గీతలూ కంపాసూ స్కేలూ పెట్టి గీసినట్టే కనిపిస్తాయి. కనిపిస్తాయనే అంటున్నాను. నిజంగా కంపాసుతో గీస్తే కన్ను ఒప్పుకోదు. గుండ్రం వచ్చి నిలువు గీతని తాకే చోట కాస్త సన్నం చెయ్యాలి. చేసినట్టు తెలియకుండా చెయ్యాలి. రెన్నర్ పనితనమంతా అక్కడే ఉంది. నాజీలకి వ్యతిరేకంగా పుస్తకం రాసినందుకు 1933లో ఆయన్ని అరెస్టు చేసి, ఉద్యోగం నుంచి తీసేశారు.

ఇక ఈ వాలు సంగతి. అసలు ఇటాలిక్ అక్షరం వెనిస్‌లో పుట్టింది. 1501లో ఆల్డస్ మనూషియస్ అచ్చువేసిన పుస్తకంలో చేతిరాతను పోలిన అక్షరాలవి. సన్నగా, ఒద్దికగా ఉంటాయి. ఫ్యూచురా వాలు అలాంటిది కాదు. నిలువు అక్షరాన్నే పక్కకి వంచి, వంచడం వల్ల వచ్చిన వంకరలు సరిచేస్తారు. అందుకే దాన్ని ఇటాలిక్ అనకుండా ఆబ్లిక్ అంటారు. పాతది పెళ్లిచూపుల్లో తల వంచుకున్న పిల్లయితే, ఇది కొంగు బిగించి ముందుకొచ్చిన మనిషి. లావు చేస్తే మరీను!

ఆ మనిషికి గొంతు ఇచ్చింది బార్బరా క్రూగర్. 1945లో అమెరికాలోని న్యూఅర్క్‌లో పుట్టింది. ‘మద్‌మాజెల్’ అనే ఆడవాళ్ల పత్రికలో పేజీలు దిద్దే ఉద్యోగం చేసింది. ఆడవాళ్ల పేజీలంటే పెదవి విరిచే పెద్దమనుషుల మధ్య సీరియళ్లు రాసుకుంటున్న నాకు ఈ ముక్క ఎంత సంతోషమిచ్చిందో చెప్పలేను. పౌడరూ, లిప్‌స్టిక్కూ అమ్మిపెట్టే విద్య అక్కడే నేర్చి, దాన్నే ఎదురు తిప్పింది. పాత నలుపు తెలుపు ఫొటో, దాని మీద ఎర్ర పట్టీ, పట్టీలో తెల్లటి ఫ్యూచురా బోల్డ్ ఆబ్లిక్. 1989లో గర్భస్రావ హక్కు కోసం వాషింగ్టన్‌లో ఆడవాళ్లు చేసిన ప్రదర్శనకి వేసిన పోస్టరు చూడండి: ఒక స్త్రీ ముఖం, సగం ఫొటో, సగం నెగెటివ్. నీ దేహం యుద్ధభూమి అని దాని మీద మాట. 1973లో ఒప్పుకున్న ఆ హక్కుని అక్కడి సుప్రీంకోర్టే 2022లో కాదనేసింది. పోస్టరుకి వయసు రాలేదు.

నేను ‘నీ దేహం’ అన్నాను గానీ, ఇంగ్లీషులో ఆ గొడవ లేదు. మొగుడైనా మంత్రైనా ‘యూ’నే. మనకి అలా కుదురుతుందా? ‘మీ శరీరం’ అంటే ఆస్పత్రిలో నర్సమ్మ మాట్లాడినట్టుంటుంది. ‘నీ ఒళ్లు’ అంటే అత్తగారు అందుకున్నట్టుంటుంది. క్రూగర్ మాటలు సగం ‘నువ్వు’తోనూ ‘నేను’తోనూ నడుస్తాయి, ఆ నువ్వు ఎవరో చెప్పదు. ఆ చెప్పకపోవడాన్ని ఆ వాలు పూరిస్తుంది. నిటారుగా ఉంటే ఆఫీసు నోటీసు అయ్యేది. వాలింది గనుక నీతోనే, నీ మొహం మీదే అంటున్నట్టుంటుంది.

తెలుగులో ఇది పనిచేస్తుందా అంటే నాకు నమ్మకం లేదు. నా నవలల్లో ఉత్తరాలూ, గతం తాలూకు అధ్యాయాలూ వాలు అక్షరాల్లో వేస్తారు. గుండ్రటి మన అక్షరాలు పక్కకి ఒరిగితే అటక మీంచి దొర్లుతున్న కుండల్లా ఉంటాయి. నాలుగు పేజీలయ్యేసరికి చదివేవాళ్ల మెడ పట్టేస్తుంది. అయినా మనకంత అవసరమూ లేదు. ‘నేను’ అన్నదాన్ని నొక్కాలంటే ఇంగ్లీషువాడు అక్షరాన్ని వంచాలి. మనం ‘నేనే’ అంటే సరి, ఒక ఏత్వంతో పోతుంది.

సుప్రీమ్ దుకాణం 1994లో న్యూయార్కులో పెట్టారు. దాని ఎర్ర పెట్టెకి మూలం క్రూగరేనని అందరికీ తెలిసిన సంగతే. పరిహాసమేమిటంటే, తమ గుర్తుని వెక్కిరిస్తూ బట్టలు అమ్ముతోందని ఒక అమ్మాయి నడిపే కంపెనీ మీద 2013లో వీళ్లే కోటి డాలర్లకి దావా వేశారు. అరువు తెచ్చుకున్న నగ పోయిందని కేసు పెట్టినట్టు! క్రూగర్ కోర్టుకి పోలేదు. 2017లో న్యూయార్కులో తనే ఓ తాత్కాలిక దుకాణం తెరిచి టీ షర్టులూ, స్కేటుబోర్డులూ అమ్మకానికి పెట్టింది. జనం క్యూ కట్టారు.

ప్రకటనల భాషతో కొట్లాడితే ఆ భాష మళ్లీ బజారుకే చేరుతుందని కొందరంటారు. అందులో కొంత నిజం లేకపోలేదు. ఆవిడ పని కొన్నిచోట్ల నినాదం దగ్గరే ఆగిపోయిందని నాకూ అనిపించింది. కానీ ఆ పోస్టరునీ మా కుర్రాడి షర్టునీ పక్కపక్కన పెట్టి చూడండి. ఎరుపు తీసుకున్నారు, తెలుపు తీసుకున్నారు, వాలు కూడా తీసుకున్నారు. ‘నువ్వు’ని మాత్రం తీసుకోలేదు. షర్టు ఎవరితోనూ మాట్లాడదు, దాని పేరే అది చెప్పుకుంటుంది.

ఇదంతా విని మా వాడు, ‘‘అయితే మీరు ఏం రాస్తారాంటీ ఆ ఎర్ర పట్టీలో?’’ అన్నాడు. కాగితం తీసుకుని కూర్చున్నాను. ‘నువ్వు’ అనాలా, ‘మీరు’ అనాలా అన్న దగ్గరే పొయ్యి మీద పాలు పొంగాయి.