ఉపవాసం చాటున ఉండిపోయిన ఇద్దరు

హౌరాలో మన వైపు వచ్చే రైలెక్కితే మొదట దాటే స్టేషను టికియాపారా. రైళ్ల కార్‌షెడ్డు, ఇరుకు సందులు, దగ్గర దగ్గరగా హిందూ, ముస్లిం కూలీల ఇళ్లు. నది అవతల బెలియాఘాటాలో హైదరీ మంజిల్ ఉంది. 1947 ఆగస్టులో గాంధీ, సుహ్రావర్దీ కలిసి ఉన్నది ఆ ఇంట్లోనే. ఇప్పుడది గాంధీ భవన్. కలకత్తా శాంతిని తలచుకునేవాళ్లు చాలామంది ఆ ఇంటితో మొదలుపెట్టి అక్కడే ఆగిపోతారు. మా అభ్యంతరం దాని మీదే.

1946 ఆగస్టు 16న మొదలైన మారణకాండలో వేలమంది పోయారు. ఏడాది తర్వాత స్వాతంత్ర్యం నాడు అదే నగరం ఆలింగనాలు చేసుకుంది. ఆ ముచ్చట రెండు వారాలే. ఆగస్టు 31 రాత్రి అల్లరిమూక ఆ ఇంటి మీదకే వచ్చింది. మర్నాడు గాంధీ ఉపవాసం మొదలుపెట్టి, నగర పెద్దలు రాసిచ్చిన హామీ మీద సెప్టెంబరు 4న విరమించారు. పూనా ఒడంబడికను మరవని మనకు ఆయన ఉపవాసం అనగానే ఒళ్లు మండుతుంది. 1932లో ఎరవాడ జైల్లో ఆ ఆయుధం ఎవరి మీద పడిందో మనకు తెలుసు. కలకత్తాలో మాత్రం అది కత్తులు పట్టినవాళ్ల చేత కత్తులు దింపించింది. ఆ మాట ఒప్పుకున్నాకే విమర్శ.

ఆ నాలుగు రోజుల్లోనే సచిన్ మిత్ర, స్మృతీశ్ బెనర్జీ అల్లర్లు ఆపడానికి వీధుల్లోకి వెళ్లి ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఉపవాసం కథలో వారికి దక్కేది ఒక వాక్యం.

బాబాసాహెబ్ ‘బుద్ధుడు, ఆయన ధమ్మం’లో సిద్ధార్థుడు ఇల్లు విడిచింది ముసలివాణ్ణీ శవాన్నీ చూసి కాదు. రోహిణీ నది నీళ్ల కోసం శాక్యులకూ కోలియులకూ వచ్చిన తగవు వల్ల. యుద్ధం వద్దన్న ఆయన, ఇరువైపుల నుంచీ ఇద్దరేసి, ఆ నలుగురూ ఎన్నుకునే అయిదోవాడూ కూర్చుని తగవు తేల్చాలన్నాడు. మనవాళ్ల తప్పు కూడా ఉందన్నాడు. శాక్య సంఘం వినలేదు.

కలకత్తా స్మరణలో లేనిది ఈ విచారణే. 1946 మారణకాండ మీద సర్ పాట్రిక్ స్పెన్స్ అధ్యక్షతన సంఘం వేశారు. సాక్ష్యాలు రాసుకున్నారు కానీ, తుది నివేదిక రాలేదు. ఎవరు ఉసిగొల్పారు, ఎవరు చూస్తూ ఊరుకున్నారు, ఎవరి ఇంట్లో ఎవరు చేరారు? ఏదీ తేలలేదు. పెద్దల సంతకాలతో వచ్చిన శాంతి ఎంతకాలం నిలిచింది? 1950లో ఇదే హౌరాలో మళ్లీ అల్లర్లు చెలరేగాయి. ముస్లిం కుటుంబాలు ఇళ్లు విడిచి పారిపోయాయి.

టికియాపారాలో ఎవరైనా శాంతి స్మరణ సభ పెడితే, ముందు ఆ వాడల పెద్దవాళ్ల చేత 1950లో వెళ్లిపోయినవారి గురించి చెప్పించాలి. ఆ తర్వాత సచిన్, స్మృతీశ్‌ల పేర్లు చదవాలి. గాంధీ పటానికి దండ చివర్లో వేసుకోవచ్చు.